అవుకు నీళ్ళలో రూతక్క

"సెలవులకి చెరువు చూడ్డానికి నంద్యాల వెళ్తున్నాను" అని చెప్పినప్పుడు మా అంబాజీపేటలో నవ్వనివాళ్ళు లేరు. కోనసీమ మనిషి నీళ్ళు చూడ్డానికి రాయలసీమ వెళ్ళడమా! మా ఆయనైతే కాఫీ తాగుతూ పొలమారేంత నవ్వారు. తిరిగొచ్చి వారమైంది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ కుట్టుమిషను పక్కన కూర్చుని "ఇంతకీ అక్కడేం జరిగింది?" అంటున్నారు. జాకెట్లు కుడుతూ ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను.

రూతక్క నాకు రైల్వే స్టేషన్లో దొరికిన స్నేహితురాలు. రెండేళ్ళ కిందట విజయవాడలో ఒకే బెంచీ మీద కూర్చుని చెరో రైలు కోసం ఎదురుచూశాం. ఆవిడ దగ్గర కారం బొరుగులు, నా దగ్గర పూతరేకులు. రెండు పొట్లాలూ ఖాళీ అయ్యేసరికి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. నంద్యాలలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నాకంటే పదమూడేళ్ళు పెద్దది, అరవై ఒకటి. మాట మాత్రం బెత్తం దెబ్బ.

మొన్న నవంబరులో ఫోన్ చేసింది. "డిసెంబరులో కాలువ నిండుగ పారతాంటాది. అవుకు చెరువు సూస్తే వదిలిపెట్టవు. ఒకటో దినం నంద్యాల, రెండో దినం ఆళ్లగడ్డ, మూడో దినం అవుకు, నాలుగో దినం నీ రైలు. అంతా రాసిపెట్టినా. పట్టుచీరలు మోసుకురావాకు. చుడీదార్లు రెండు ఎక్కువ తెచ్చుకో."

"చుడీదార్లు ఎందుకక్కా?"

"వస్తే తెలుస్తాది" అని పెట్టేసింది.

నంద్యాల: కాలువ గట్టు

పొద్దున్నే స్టేషన్ బయట స్కూటర్ మీద నిలబడి ఉంది రూతక్క. ఇంటికి తీసుకెళ్తుందనుకుంటే నేరుగా టిఫిన్ బండి దగ్గర ఆపింది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ప్లేటు నలభై రూపాయలు. మనం మరమరాలంటామే, వాటినే ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లితే ఉగ్గాని. మనకి మరమరాలంటే సాయంత్రం కాలక్షేపం. వీళ్ళకి పొద్దుటి పూట కడుపు నింపే తిండి. మొదటి బజ్జీ కొరకగానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బండాయన నన్ను చూసి, "కోస్తా నుంచి వచ్చినారామ్మా?" అని, నేను అడక్కుండానే ఇంకో గరిటెడు ఉగ్గాని వేశాడు. "ఇది తింటే అది తగ్గుతాది."

తర్వాత కాలువ. చెబితే నమ్మరు గాని, గట్టు ఎక్కగానే నాకు మా ఊరొచ్చేసినట్టనిపించింది. గట్టు నిండా పారే నీళ్ళు, ఆ పక్క వరి, ఆ వెనక ఎక్కడో నల్లమల కొండలు నీలంగా. కొండలొక్కటే మన దగ్గర ఉండవు. దీన్ని కేసీ కాలువ అంటారు. కర్నూలు నుంచి కడప దాకా పోతుంది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వారట. సీమలో పడవలు!

రూతక్క నన్ను ఒక పాత లాకు దగ్గరకు తీసుకెళ్ళింది. రాతిగోడలు రెండు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. అక్కడ మస్తానప్ప అనే పెద్దాయన ఉన్నాడు. కాలువకు కాపలా ఉండి తూములు చూసుకునే లష్కరుగా చేసి మానేశాడట. పని మానేసినా పొద్దున్నే గట్టు మీదికి రాకపోతే తోచదట.

"పడవ వచ్చి ఈ రెండు గోడల నడుమ ఆగేదమ్మా" అని మొదలుపెట్టాడు. "అప్పుడు వెనక తలుపు మూసి..."

"నీళ్ళు నింపుతారు, పడవ పైకి లేస్తుంది, ముందు తలుపు తీస్తారు!" అని నేనే పూర్తి చేసేశాను. మా కాలువల మీద లాకులు చూస్తూ పెరిగినదాన్ని మరి.

ఆయన నన్ను తేరిపార చూశాడు. "ఇన్నేండ్లలో ఈ సంగతి నాకంటే ముందు చెప్పినోళ్ళు ల్యారు. కూచోమ్మా" అని తన తుండుగుడ్డతో రాయి తుడిచాడు. వాళ్ళ తాత చెప్పిన కబుర్లన్నీ చెప్పాడు: పత్తి మూటలు, ధాన్యం బస్తాలు, గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవ లాగే మనుషులు. అరగంట అనుకున్నది రెండు గంటలు పట్టింది.

ఆయన వెళ్ళాక రూతక్క చెప్పులు విడిచి నీళ్ళలో కాళ్ళు పెట్టింది. "మా అన్న బాయిలో ఈత నేర్చుకునేటప్పుడు నేను మెట్ల మీద కూచోని ఆయప్ప గుడ్డలు పట్టుకునేదాన్ని. మూడు ఎండాకాలాలు పట్టుకున్యా" అంది. కాళ్ళతో నీళ్ళు చిమ్ముతూ, "ఎల్లుండి అవుకులో నేను ఈదతా లక్ష్మీ. దరి నుంచి నీళ్ళ మధ్య గుట్ట దాకా. నువ్వు పుట్టిలో, అదే బుట్ట పడవలో, నా పక్కన రావాల. గోదారి పిల్లవి, ఈత వచ్చే ఉంటాది గదా?"

అప్పుడు నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. గోదారి నీళ్ళు తాగి పెరిగాను గాని, రేవులో మొలలోతు దాటి ఎప్పుడూ దిగలేదు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ మొహంలో అంత సంతోషం ఉంది. వచ్చన్నట్టు "ఆయ్" అనేశాను.

ఆళ్లగడ్డ: రాతి ధూళి, రాగి సంగటి

ఆళ్లగడ్డ బస్సు దిగితే ముందు చెవులకే తెలుస్తుంది, రాళ్ళు చెక్కే ఊరని. రోడ్డు వారనే నందులు, దేవతలు, నాయకులు, ఒక సింహం, అందరూ తెల్లటి దుమ్ము కప్పుకుని నిలబడి ఉంటారు. ఒక శిల్పి పెద్ద రాతి మీద నీళ్ళు పోసి ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఎందుకని అడిగాను. "తడిపితే పగులు బయటపడ్తాదక్కా. రాయంతా ఆరినాక కూడా పగులున్న కాడ తడి నిలిచి ఉంటాది. చెక్కినాక తెలిస్తే ఏం లాభం?" అన్నాడు. నా ఆయ్ గుర్తొచ్చి అక్కడినుంచి త్వరగా కదిలాను.

రూతక్క వాళ్ళన్న శామ్యూలుగారిది ఊరి చివర ఇల్లు. వ్యవసాయం. అరవై ఆరేళ్ళ మనిషి, పెద్ద మీసం, చిన్న మాట. ఆయన భార్య మార్తమ్మగారు నన్ను చూడగానే చేతిలో సంచీ లాక్కుని, "శానా చిక్కినావు, తిందువు రా" అన్నారు. ఆవిడ నన్ను చూడడం అదే మొదటిసారి.

చీకటి పడుతుండగానే భోజనాలు. రాగి సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, వేరుశెనగలు నూరిన ఊరిబిండి. మనం ముద్ద కలుపుతాం. వీళ్ళు సంగటిని తుంచి పులుసులో ముంచి మింగేస్తారు, నమలకూడదట. నేను నమిలాను, అందరూ ఒక్కసారి నా వైపు చూశారు. తినేముందు శామ్యూలుగారు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు, రేపటి ప్రయాణం కూడా కలిపి. ఆమెన్ అన్న వెంటనే రూతక్క చెప్పేసింది.

"అన్నా, రేపు అవుకులో ఈదతాండా. గుట్ట దాకా."

ఆయన చేతిలో సంగటి చేతిలోనే ఉండిపోయింది. "అరవై దాటినాక ఈతేంది మ్మే? ఏమన్నా అయితే?"

"ఏం కాదు. ఎండాకాలం నుంచి నేర్చుకుంటాండా."

"యాడ?"

"మన చేను బాయిలో."

"నా బాయిలో నాకు తెల్వకుండానా? ఎవురు నేర్పిచ్చినారు?"

నేను పులుసు గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను. మార్తమ్మగారు ఇంకో ముద్ద నా పళ్ళెంలో పెట్టి, గరిటె కింద పెట్టి, చెప్పారు.

"నేనే."

శామ్యూలుగారు భార్య వైపు తిరిగారు. "నీకు ఈతొచ్చునా?"

"పెండ్లి కాక ముందే వచ్చు."

"నలభై ఏండ్లాయ. నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగినావు?"

ఆయన తల వంచుకుని భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళిపోయారు. నేను వచ్చిన మూలంగా ఒక ఇంట్లో పండగ లాంటి రోజు పాడవుతుందేమోనని భయమేసింది. మార్తమ్మగారు మాత్రం గిన్నెలు సర్దుతూ, "భయపడాకు. ఆయప్పకు ముందు కోపమొస్తాది, ఎనక బుద్ధొస్తాది. రెంటికీ నడుమ ఒక రాత్రి పడ్తాది" అన్నారు.

తెల్లారి లేచేసరికి ఇంటి ముందు ఆయన బండి లేదు, ఆయనా లేరు. రూతక్క జడని గట్టిగా ముడేసుకుంది, అంతే.

కుందూ దాటి

మేం ముగ్గురం ఆడవాళ్ళం ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. కుందూ నది వంతెన దాటాక నేల రంగే మారిపోయింది. నల్లరేగడి. కాటుక చల్లినట్టుంది. అందులో పచ్చగా శనగ మొక్కలు, అక్కడక్కడా మనిషెత్తు జొన్న. మా వైపు పొలానికీ పొలానికీ మధ్య కొబ్బరి చెట్లు అడ్డొస్తాయి. ఇక్కడ చూపు ఎక్కడా ఆగదు. నేను ఆటోలోంచి సగం బయటికి వంగి చూస్తుంటే, "లోపలికి జరగక్కా, చేలు యాడికీ పోవు" అన్నాడు డ్రైవరు.

కోయిలకుంట్లలో ఒకామె కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేత్తో తట్టి కాలుస్తోంది. కర్ర లేదు, పీట లేదు, రెండు అరచేతుల మధ్యే గుండ్రంగా పెద్దదవుతోంది. ఒకటి పదిహేను రూపాయలు. దారికని పది కట్టించుకున్నాం. నేను కూడా ఒకటి తడతానన్నాను. నా చేతిలో అది ఆంధ్రదేశం పటంలా తయారైంది. ఆమె దాన్ని కూడా కాల్చి, "ఇది నువ్వే తినల్ల" అని నాకే ఇచ్చింది.

అవుకు

చుట్టూ ఎర్రమల గుట్టలు, మధ్యలో నీళ్ళు. చెరువంటే మా ఊరి చెరువులా ఒక కేక వేస్తే అవతలి గట్టుకి వినిపించేది అనుకున్నాను. ఇది చిన్న సముద్రం. పొద్దున ఎండకి అవతలి వైపు తెల్లగా మెరుస్తోంది. షికారు పడవలు తిరిగే చోటికి దూరంగా, జాలర్లు ఉండే వైపు ఆటో ఆగింది. ఆటో దిగుతూనే మార్తమ్మగారు నన్ను మోచేత్తో పొడిచారు.

ఒడ్డున శామ్యూలుగారు నిలబడి ఉన్నారు. పక్కన ట్రాక్టరు ట్యూబు, గాలి నిండి, ఎద్దంత ఉంది. ఒక చేతిలో రెండు లైఫ్ జాకెట్లు.

"పంచర్ల అంగడాయన లేసేదాకా ఆడనే కూచున్యా" అన్నారు, ఎవరి మొహమూ చూడకుండా.

రూతక్క ట్యూబు వైపు చూసింది. "నాకొద్దు అది."

"నీకు గాదు. నాకు. అది పక్కనుంటే నాకు గుండె నిలబడ్తాది."

పుట్టి నాగమ్మది. నలభై ఏళ్ళుంటాయి. భర్తతో కలిసి ఇరవై ఏళ్ళుగా ఈ నీళ్ళలో చేపలు పడుతోందట. పుట్టి అంటే పెద్ద వెదురుబుట్ట. కింద తారు పూసిన పట్టా. ముందూ వెనకా ఉండవు, గుండ్రం. నాగమ్మ ఒక్క తెడ్డుతోనే దాన్ని నేరుగా నడుపుతుంది. నాకూ శామ్యూలుగారికీ జాకెట్లు తొడిగి, ట్యూబుని తాడుతో పుట్టి పక్కన కట్టారు. నాగమ్మని కూడా ఏదైనా కట్టుకోమంటే, "నాకు అలవాటు ల్యా" అని నవ్వేసింది. మార్తమ్మగారు ఒడ్డున నిలబడ్డారు.

రూతక్క ముదురు నీలం చుడీదారు వేసుకుంది. నీళ్ళలోకి మెడ దాకా నడిచి, ఒకసారి ఒడ్డు వైపు తిరిగి చూసి, మునిగి లేచింది. ఆపైన ఇక ఈదడమే. అందంగా లేదు, వేగంగా లేదు. తల ఎత్తి, చేతులతో నీళ్ళని పక్కలకి తోసుకుంటూ, ఒక లెక్కని మెట్టు మెట్టుగా చేసుకుంటూ పోతున్నట్టు. గుట్ట మూడు వందల గజాల దూరముంటుందేమో. నేను పుట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని "అక్కా, వెళ్ళు! వెళ్ళు!" అని గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నాను. శామ్యూలుగారు ట్యూబు మీద చెయ్యి వేసి రెప్ప వెయ్యడం లేదు.

సగం దాటింది. ఆ సంతోషంలో నాకు బుద్ధి జారింది. "నాగమ్మా, ఒకసారి నేను వేస్తాను తెడ్డు. మాది కోనసీమ" అన్నాను. ఆమె నవ్వి ఇచ్చింది. పడవకీ పుట్టికీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. నేనొక తోపు తోశాను. పుట్టి ముందుకు పోకుండా గిర్రున తిరిగింది. సరిగ్గా అప్పుడే గుట్టల వైపు నుంచి గాలి లేచింది. రెండో తోపుకి తెడ్డు నా చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. పట్టుకుందామని వంగాను. పుట్టి పక్కకి ఒరిగి, లోపలికి నీళ్ళొచ్చాయి.

"ఈతొచ్చునంట గదా, దుంకి తెచ్చియ్యి!" అని అరిచింది నాగమ్మ.

"నాకు ఈత రాదు!" అని అంతకంటే గట్టిగా అరిచాను. చెరువంతా వినబడి ఉంటుంది.

గాలి మమ్మల్ని లోతు వైపు నెట్టుకుపోతోంది. తెడ్డు అటు, మేం ఇటు. శామ్యూలుగారు జాకెట్టు ముడి విప్పుతూ లేచారు. ఆయన లేవగానే పుట్టి ఇంకా ఒరిగింది.

"అన్నా, కూచో! ఎవురూ లేయాకండి!"

ముప్పై ఏళ్ళు క్లాసులని నిశ్శబ్దం చేసిన గొంతు. ముగ్గురం టక్కున కూర్చున్నాం. రూతక్క నీళ్ళలో ఆగి మా వైపు చూసింది, గుట్ట వైపు చూసింది. గుట్ట అక్కడే ఉంది, దగ్గర్లో. తిరిగితే మళ్ళీ అంత దూరం ఈదాలి. ఆ ఒక్క చూపులో ఆవిడ ఏం లెక్కేసుకుందో నాకు తెలియదు. వెనక్కి తిరిగింది. గాలికి ఎదురుగా, చిన్న చిన్న అలలు మొహానికి కొడుతుంటే, తెడ్డు దాకా ఈది, దాన్ని ఒక చేత్తో ముందుకు తోసుకుంటూ మా దాకా వచ్చింది. నాగమ్మ అందుకుంది.

"పుట్టి పట్టుకో మ్మే, రొంత ఊపిరి తీసుకో" అన్నారు శామ్యూలుగారు, చెయ్యి చాపి.

రూతక్క ఆ చేతిని చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. "పట్టుకుంటే ఈదినట్టు కాదు" అని మళ్ళీ తిరిగి, గుట్ట వైపు సాగింది.

ఈసారి నేను అరవలేదు. నోట్లో చున్నీ కొంగు కుక్కుకుని కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు వెల్లకిలా తిరిగి ఆకాశం వైపు చూస్తూ తేలింది. రెండుసార్లూ నా ప్రాణం పోయి వచ్చింది. చివరికి ఆవిడ కాలికి రాయి తగిలింది. నిలబడబోయి కూలబడి, చేతుల మీద పాకి, గుట్ట మీద ఒక బండ ఎక్కి కూర్చుంది. దూరంగా ఒడ్డున మార్తమ్మగారు చీరకొంగు తీసి జెండాలా ఊపుతున్నారు.

మేం వెళ్ళేసరికి మాకు వీపు తిప్పి కూర్చుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను.

"ఆకలేస్తాంది" అంది.

శామ్యూలుగారు తువ్వాలు కప్పి, జొన్నరొట్టె చేతికిచ్చారు. పక్కన కూర్చుని, "చిన్నప్పుడే నేర్పియ్యాల్సింది నీకు. నాయన వద్దన్నాడని ఊరుకున్యా" అన్నారు.

"నాయన వద్దన్లేదు" అంది రూతక్క నములుతూ. "నాయన నన్ను తీసుకపొమ్మన్నాడు. ఆడపిల్ల వస్తే నీ జతగాండ్లు నవ్వుతారని నువ్వే వద్దన్న్యావు."

ఆయన నీళ్ళ వైపు తిరిగారు. "నాకు గుర్తు ల్యా."

"నాకుండాది." రొట్టె సగం తుంచి ఆయన చేతిలో పెట్టింది. "తిను."

ఆయన తిన్నారు. ఆ మీసం వణకడం నేను చూశాను గాని, చూడనట్టు కొండల వైపు తిరిగాను.

రాసిపెట్టుకోని రెండు రోజులు

ఒడ్డుకొచ్చాక నేను రూతక్క కాళ్ళ మీద పడినంత పని చేశాను. "అబద్ధం చెప్పానక్కా." ఆవిడ జుట్టు పిండుకుంటూ, "నువ్వు ఆయ్ అన్నప్పుడే అనుమానమొచ్చింది. ఈత వచ్చినోళ్ళు అట్ల మెల్లగ చెప్పరు" అంది. తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

అప్పటిదాకా పుట్టిని ఒడ్డుకి లాగి బోర్లిస్తున్న నాగమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వడం లేదు.

"టీచరమ్మా, నాకూ ఈత రాదు."

ఇంతసేపూ ఆ బుట్టలో ఈత రాని ఇద్దరం, కాళ్ళు పట్టేసే వయసులో ఒక పెద్దాయన! "మా ఇండ్లల్లో మగోళ్ళకే వస్తాది. నాకెవురు నేర్పుతారు? మునిగితే మునుగుతానని తిరుగుతాండా" అంది నాగమ్మ. "నీకు అరవై ఏండ్లకు వచ్చె గదా. నాకు రాదా?"

రూతక్క నా వైపు చూసింది. నేను ఫోన్ తీసి మర్నాటి రైలు టిక్కెట్టు రద్దు చేశాను. మా ఆయనకి, "ఇంకో రెండు రోజులు ఉంటున్నాను, ఈత నేర్చుకుంటున్నాను" అని చెబితే, "గోదావరి ఇక్కడుందిగా" అన్నారు. "నేర్పేవాళ్ళు ఇక్కడున్నారండి" అన్నాను.

నాగమ్మ వాళ్ళ ఇంటి వసారాలోనే పడుకున్నాం. తిండి చెరువు చేపల పులుసు. చింతపండు మనకంటే తక్కువ, కారం మనకంటే రెట్టింపు. పొద్దున ఎండెక్కగానే మొలలోతు నీళ్ళలోకి దిగేవాళ్ళం. నాకు మార్తమ్మగారు, నాగమ్మకి రూతక్క. శామ్యూలుగారు ఒడ్డున మాకు వీపు తిప్పి కూర్చుని, ఎవరైనా మగవాళ్ళు అటు వస్తే "ఆ పక్కకు పోండప్పా, ఈడ బడి నడుస్తాంది" అని పంపించేసేవారు. మొదటి రోజు నేను తాగిన నీళ్ళకి చెరువు ఒక అంగుళం తగ్గి ఉంటుంది. రెండో రోజు మధ్యాహ్నానికి నాలుగు బారలు తేలాను. నాలుగే. కాని నా అంతట నేను.

నాగమ్మకి ఇంకా భయం పోలేదు. కింద రూతక్క అరచెయ్యి ఆనించి ఉన్నంతసేపూ బాగానే ఉండేది, తీస్తే బిగుసుకుపోయి మునిగేది. సాయంత్రం బయలుదేరడానికి సామాన్లు సర్దుకున్నాక, "ఒక్కసారి మళ్ళా" అని తనే దిగింది. రూతక్క తడి ఆరిన బట్టలతోనే వెనక దిగింది. చెయ్యి ఆనించింది. "ఊపిరి ఇడువు. గట్టిగ పట్టాకు. నీళ్ళు నిన్నేమీ అనవు" అంటూనే చెయ్యి తీసేసింది, చెప్పకుండా. నాగమ్మ తెలియకుండానే ముందుకు పోయింది. ఒక బార, రెండు, ఐదు, ఎనిమిది. తలంతా నీళ్ళలోకి పెట్టి తీసింది. నేల తగలక తడబడి, మళ్ళీ కాళ్ళాడించి, ఒడ్డు దగ్గర నిలబడింది. కళ్ళు తుడుచుకోలేదు, కొంగు సర్దుకోలేదు. వెనక్కి తిరిగి ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

"ఇరవై ఏండ్లు దీని పైన్నే తిరిగినా" అంది. "లోపల ఎట్లుంటాదో ఈ పొద్దు తెలిసె."